ఊరేగింపు వేగం

ఆ చలికాలం మా ఇంట్లో మొదటి గొడవ వంటింటి పీట గురించి జరిగింది.

"పీట ఎటు పోయింది?" అని అడిగాను. అటక మీద నుంచి కందిపప్పు డబ్బా దింపాలి. పీట లేనిదే నా చెయ్యి అందదు.

"జీపుల ఉన్నది," అంది మా అత్తమ్మ సుందరబాయి, వెల్లుల్లి పొట్టు తీస్తూ, తలెత్తకుండానే.

"వంటింటి పీటకు జీపుల ఏం పని?"

"మరి నేనెట్ల ఎక్కాలె? నీ మొగడు దాన్ని మిద్దెంత ఎత్తు చేయించిండు. నిన్న గురుద్వారా దిక్కు పోదామంటే నా కాలే అందకపాయె. పీటేస్కొని ఎక్కిన."

"దిగినంక తెచ్చి ఇంట్ల పెట్టాలె గద అత్తమ్మా."

"ఇంకోటి కొనుక్కోరాదు? పీటకింత లొల్లా?"

పక్కగదిలో అద్దం ముందు తల దువ్వుకుంటున్న మా ఆయన కైలాశ్ అక్కడి నుంచే తీర్పు చెప్పేశాడు. "జీపులనే ఉండనీ వత్సలా. భావు ఎక్కనీకె గూడ పీట కావాలె."

కిందికి దిగి, వాకిట్లో నిలబెట్టిన జీపులోంచి పీట తెచ్చుకుని, కందిపప్పు డబ్బా దించుకుని, పీటను కడిగి దాని చోట దాన్ని పెట్టాను. సాయంత్రానికి అది మళ్లీ జీపులోకి వెళ్లిపోయింది.

భావు అంటే మా ప్రభాగ్ నుంచి, అంటే మా వార్డు నుంచి, మహానగరపాలిక ఎన్నికల్లో నిలబడిన మనిషి. ఏళ్ల తరబడి జరగని ఎన్నికలు ఆ ఏడు వచ్చాయి. పైపుల దుకాణాన్ని పనివాళ్ల మీద వదిలేసి కైలాశ్ సగం రోజు భావు ఆఫీసులోనే ఉండేవాడు. మా నాందేడ్‌లో ప్రచారం అంటే తెలిసిందే. చౌరస్తాకొక జేసీబీ పూలు కుమ్మరిస్తుంది. క్రేను పెద్ద దండను పైకెత్తి నాయకుడి మీదికి వంచుతుంది. మొదటి ర్యాలీలో భావు మా జీపులోనే నిలబడ్డాడు. దండ ఇంకా కిందికి దించితే జనం తలలకు తగులుతుందని క్రేనువాడు సగంలోనే ఆపేశాడు. భావు మునివేళ్ల మీద లేచాడు, చేతులు చాచాడు, ఇద్దరు మనుషులు ఆయన్ని కాళ్లు పట్టి ఎత్తారు, అయినా దండ అందలేదు. అవతలి పార్టీ వాళ్లు ఆ వీడియోకు డోలు చప్పుడు జోడించి ఊరంతా తిప్పారు.

మర్నాడే కైలాశ్ జీపును మెకానిక్ విలాస్ గ్యారేజీకి తోలుకెళ్లాడు. మా స్నానాలగదిలో కారే నల్లా గురించి దీపావళికి ముందు నుంచి చెబుతున్నాను. పైపుల దుకాణం ఓనరు ఇల్లు అది. ఆ నల్లాకు తీరిక దొరకని మనిషి, భావు మెడకూ దండకూ మధ్య ఉన్న జానెడు దూరాన్ని తగ్గించడానికి ఒక్కరోజులో జీపును పైకి లేపించాడు. ముందు వైపు స్ప్రింగుల్లా పనిచేసే కమాన్ పట్టీలు వేలాడే ఇనుప పలకలు తీసేసి పొడుగైనవి వేశారు. వెనక ఇరుసుకూ పట్టీలకూ మధ్య ఇనుప దిమ్మెలు పెట్టారు. నా నడుము దాకా వచ్చే టైర్లు తొడిగారు. బండి కాగితాల మీద ఉన్నది నా పేరు. నన్ను ఒక్కమాట అడిగిన వాళ్లు లేరు.

కర్ఖేలిలో మా చేనుకు పత్తి ఏరించడానికి వారం వారం వెళ్లేది నేనే. ఆ జీపును ఊరు దాటించేది ఇంట్లో నేనొక్కదాన్నే. కైలాశ్ దాన్ని ఇంటికీ దుకాణానికీ భావు ఆఫీసుకూ మధ్య తిప్పేవాడు. ఆ రోడ్ల మీద మూడో గేరు పడటమే గొప్ప.

ఎత్తించిన తర్వాత మొదటిసారి కర్ఖేలికి బయల్దేరాను. ముద్ఖేడ్ దాటాక రోడ్డు ఖాళీ అయింది. వేగం పెంచగానే సీటు కింద సన్నటి హోరు మొదలైంది. మిక్సీ జార్ సరిగ్గా కూర్చోనప్పుడు అరచేతికి తెలిసే అదురు లాంటిది. ఎత్తు బండి కదా, పెద్ద టైర్లు కదా అని సర్దిచెప్పుకున్నాను. ఉమ్రి దగ్గరికి వచ్చేసరికి ముల్లు అరవై మీద ఉంది. ఎడమ చక్రం ఒక చిన్న గుంతలో పడి లేచింది.

అంతే, స్టీరింగ్ నా చేతుల్లో పూనకం వచ్చినట్టు ఊగడం మొదలుపెట్టింది. ఇటూ అటూ, ఇటూ అటూ, ఆపుదామని పట్టుకుంటే మోచేతుల దాకా కొట్టింది. ముందు భాగమంతా విరిగి పడిపోతుందా అన్నట్టు దడదడలాడింది. కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీసేశాను. బ్రేకు తొక్కలేదు. ఎందుకు తొక్కలేదో ఆ క్షణంలో నాకే తెలియదు. బండి నెమ్మదించి, నెమ్మదించి, సైకిలు వేగానికి వచ్చాక ఊగడం ఒక్కసారిగా ఆగిపోయింది. ఏమీ జరగనట్టు నేరుగా నడిచింది. పక్కకు ఆపి, దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాను.

సాయంత్రం ఇంటికి రాగానే చెప్పాను.

"ఎంత స్పీడుల ఉంటివి?" అన్నాడు కైలాశ్.

"అరవై."

"నీకు అరవై ఎందుకు?"

మా పదో తరగతి అమ్మాయి శ్రేయ పుస్తకంలోంచి తలెత్తి, "సర్కారు ఎస్టీ బస్సు డెబ్బై పోతది గద నానా," అంది.

"నువ్వు చదువుకో. వత్సలా, నువ్వు స్టీరింగ్ మరీ బిగబట్టి పట్టుకుంటవు. అందుకే అదురుతది. చేతులు ఢీలా ఇడువాలె."

"బిగబట్టింది అదిరినంక. ముందుగాల కాదు."

"సరే, రేపు నేను, విలాస్ పోయి చూస్తం."

చూశారు. ఊళ్లోనే వజీరాబాద్ నుంచి శివాజీనగర్ దాకా వెళ్లి, మధ్యలో చాయ్ తాగి, తిరిగొచ్చారు. "మక్ఖన్ లెక్క మెత్తగ పోతున్నది," అన్నాడు కైలాశ్. అత్తమ్మ నా వైపు చూసి, "నేను చెప్తనే ఉన్న, ఆడిపిల్లకు అంత బండి ఎందుకని," అంది. పీట వేసుకుని ఎక్కేటప్పుడు మాత్రం ఆమెకు ఆ బండి పెద్దదనిపించలేదు.

బీఎస్సీలో మాకు ఫిజిక్స్ ప్రాక్టికల్స్ ఉండేవి. ఒక్కసారి ఒక్కటే మార్చాలి, మిగతావి కదపకూడదు, అప్పుడే తప్పు ఎక్కడుందో పట్టుబడుతుంది అని మా మేడం మొత్తుకునేది. పెళ్లయ్యాక ఆ సూత్రాన్ని పులిసిపోయిన దోసెల పిండి మీదా, ఆగిపోయిన కుక్కర్ విజిల్ మీదా వాడాను. మరుసటి వారం జీపు మీద వాడాను.

బండిని నిలబెట్టి ఇంజను గట్టిగా రేజ్ చేసి చూశాను. అదురు లేదు. వేగంగా పోతూ క్లచ్ తొక్కి ఇంజనును విడదీశాను. హోరు తగ్గింది కానీ పోలేదు. అంటే ఇంజను కాదు, దాని నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్ట్ దగ్గర ఏదో ఉంది. ముద్ఖేడ్‌లో టైర్ల దుకాణం దగ్గర ఆపి నాలుగు చక్రాలూ బ్యాలెన్స్ చేయించాను. గుంతలో పడ్డ తర్వాత వచ్చే ఊపు ఎప్పటిలాగే వచ్చింది. అంటే టైర్లూ కాదు. ఇంకొకటి కూడా గమనించాను. మలుపు తిరిగాక స్టీరింగ్ వదిలితే, ఇదివరకు అది తనంతట తాను నేరుగా తిరిగొచ్చేది. ఇప్పుడు ఎటు తిప్పితే అటే ఉండిపోతోంది. నేనే లాక్కొచ్చి మధ్యలో పెట్టాలి.

కర్ఖేలి రైల్వే గేటు దగ్గర ఇలాంటి జీపులే మనుషుల్ని ఎక్కించుకుని ధర్మాబాద్ తిరుగుతుంటాయి. ఒక డ్రైవరును అడిగి, అతని బండి కిందికి వంగి చూశాను. స్టీరింగ్ నుంచి చక్రానికి పోయే కడ్డీ దాదాపు అడ్డంగా, నేలకు సమంగా ఉంది. చక్రం ఏ ఇరుసు మీద తిరుగుతుందో దాని తల కొంచెం వెనక్కి వాలి ఉంది, సైకిలు ముందు ఫోర్కు వాలినట్టు. ఆ వాలు ఉండబట్టే సైకిలును చేతులు వదిలేసి తొక్కగలం. శ్రేయ రోజూ నన్ను భయపెట్టేది అలాగే.

చేను దగ్గరికి వెళ్లాక మా బండి కింద చూడాలనుకున్నాను. పత్తి ఏరే వాళ్లకు పెద్ద భీమవ్వ. ఆమెను పిలిచాను.

"భీమవ్వా, జెర జీపుల కూసో."

"ఎందుకమ్మా? ఎక్కడికి పోదాం?"

"ఎక్కడికి పోం. స్టీరింగ్ ఇటు తిప్పు, అటు తిప్పు. నేను కింద పండుకొని చూస్త."

"కిందనా? అది నీ మీదికెల్లి పోతె?"

"తాళంచెవి నా దగ్గర్నే ఉన్నది."

"మంచిగైంది. నాకియ్యకు. చేతికొస్తె బాసర దాక పోయి అస్త." మిగతా ఆడవాళ్లు ఏరడం మానేసి పగలబడి నవ్వారు. భీమవ్వ కొంగు బిగించి, టైరు మీద కాలు పెట్టి, పీట లేకుండానే ఎక్కి కూర్చుంది. నేను ఖాళీ పత్తి సంచి పరుచుకుని జీపు కిందికి దూరాను.

"తిప్పు."

"తిప్పుతున్న."

"తిప్పుతున్నవా? ఇక్కడ ఏం కదులుతలేదు."

"చేతిల చక్రం కదులుతనే ఉన్నదమ్మా. టైరే ఇనిపించుకుంటలేదు. అచ్చం మా మొగని లెక్క ఉన్నది. చెప్పంగ, చెప్పంగ, చెప్పంగ ఎప్పటికో కదుల్తడు."

స్టీరింగ్ నాలుగు వేళ్ల మేర తిరిగాక గానీ టైరుకు ఆ కబురు అందడం లేదు. కీళ్లలో అంత వదులు. గేటు దగ్గరి జీపులో అడ్డంగా ఉన్న కడ్డీ, మా దాంట్లో నిచ్చెన వేసినట్టు ఏటవాలుగా ఉంది. బండిని పైకి లేపారు, కడ్డీ కింది కొస చక్రం దగ్గరే ఉండిపోయింది. అలాంటప్పుడు చక్రం గుంతలో పడి లేచిన ప్రతిసారీ కడ్డీయే దాన్ని పక్కకు లాగుతుంది. పొడుగు పలకలు వేసినందువల్ల ముందు ఇరుసు మెడ వంగిపోయి, ఆ వాలు పోయింది. వెనక దిమ్మెల వల్ల షాఫ్ట్ కిందికి దిగి, దాని కీలు వంకరగా తిరుగుతోంది. సీటు కింద హోరు అదే. నాకు తెలియనివి ఇంకా ఎన్నో ఉండొచ్చు. ఇవి మాత్రం కళ్లకు కనబడుతున్నాయి. వంగి చూస్తే ఎవరికైనా కనబడతాయి.

నేను బయటికి వచ్చాక భీమవ్వ నా వీపు మీది మట్టి దులుపుతూ, "ఏమైందమ్మా దానికి?" అని అడిగింది. చెప్పాను. "మరి సారుకు చెప్పు," అంది, అదేదో చాలా చిన్న పని అన్నట్టు.

విలాస్ గ్యారేజీకి కైలాశ్‌ను వెంటబెట్టుకునే వెళ్లాను. నేను ఒక్కొక్కటీ వరసగా చెప్పాను. విలాస్ వింటున్నంతసేపూ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ కైలాశ్ వైపే చూశాడు. నేను మాట్లాడటం ముగించాక జవాబు కూడా, నన్ను మరాఠీలో వహినీ, అంటే వదిన అంటూనే, కైలాశ్‌కే చెప్పాడు.

"శేట్, లిఫ్ట్ కియేలీ గాడీ హై. థోడా తో హిలేగా, ఎత్తినంక జెర ఊగుతది. వహినీకి సమ్‌జాయించుండ్రి."

"నాకే చెప్పు విలాస్. ఇక్కడనే ఉన్న," అన్నాను.

"అట్ల కాదు వహినీ. నేను ఇసొంటి గాడీలు ఎన్ని చేసిన! ఎవ్వరి కంప్లైంట్ రాలే."

"వాళ్లంత ఎక్కడ నడుపుతరు?"

"అంటే?"

"ఆ గాడీలు ఎక్కడ తిరుగుతయి అంటున్న. ఊర్లనేనా?"

విలాస్ నవ్వాడు. "వహినీ యూట్యూబ్ మంచిగ చూస్తున్నరు శేట్. ఇంక నా దుకాణం బంద్."

కైలాశ్ కూడా నవ్వాడు. విలాస్ నవ్వు నాకు పట్టలేదు, అతను తన పనిని కాపాడుకుంటున్నాడు. పొలంలో మట్టిలో పడుకుని చూసి వచ్చిన భార్య పక్కన నిలబడి, గ్యారేజీ వాడితో కలిసి నవ్విన మనిషి నవ్వు మాత్రం నాకు గుర్తుండిపోయింది. ఇంటికి వచ్చాక ఆయన తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు.

"ఎలక్షన్ అయ్యేదాక నా దగ్గరుండనీ. నీకు భయమైతున్నది గద."

"భయమని నేను అనలే. బండి చెడ్డదన్న."

"రెండు ఒక్కటే."

ఒకటి కావు. ఆ తర్వాత పత్తి ఏరే రోజుల్లో ప్యాసింజర్ రైలెక్కి కర్ఖేలి వెళ్లాను. స్టేషను నుంచి చేను దాకా ఎండలో నడిచాను. భీమవ్వ నన్ను దూరం నుంచే చూసి, "జీపు ఏదమ్మా?" అని అరిచేది. "భావు ఎక్కిండు," అనేదాన్ని. "మనం పత్తి మోస్తున్నం, అది భావును మోస్తున్నది," అని ఆమె మిగతా వాళ్లకు చెప్పేది.

భావు గెలిచాడు. గెలిచిన రోజు ఊరేగింపు మా వీధి చివరకు వచ్చింది. శ్రేయా నేనూ మెడికల్ షాపు మెట్ల మీద నిలబడి చూశాం. గులాల్‌లో జీపు రంగే తెలియడం లేదు. కైలాశ్ నడుపుతున్నాడు, ముఖం గులాబీ రంగులో మెరిసిపోతోంది. క్రేను దండ వంచితే, ఈసారి భావు మెడలో చక్కగా, కొలిచి కుట్టించినట్టు పడింది. జనం ఈలలు వేశారు. పక్కనెవరో, "క్యా గాడీ బనాయా శేట్!" అని బండిని మెచ్చుకుంటూ అరిచారు.

"అమ్మా, మన జీపు నడుస్తున్నదా, ఆగి ఉన్నదా?" అని శ్రేయ అడిగింది.

నిజమే. డోలు వాళ్లు ముందు ఆడుతూ వెనక్కి వెనక్కి నడుస్తున్నారు, జీపు వాళ్ల వెనక పాకుతోంది. ఆ వేగానికి విరిగిన బండి కూడా అదరదు. మా ఇంటి మగమనిషికీ, అతని స్నేహితులకూ, విలాస్‌కూ ఆ జీపు తెలిసింది ఈ వేగంలోనే. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. తమకు తెలిసినంతే బండి అని నమ్ముతున్నారు. అబద్ధమైతే నాకు అంత కోపం వచ్చేది కాదేమో.

భావు మాహూర్ రేణుకాదేవికి మొక్కుకున్నాడట. గెలిచిన ఆదివారం ఆయన బండ్ల వెనక మా జీపు కూడా వెళ్లాలన్నాడు కైలాశ్. అత్తమ్మకు కూడా అమ్మవారి దర్శనం అవుతుంది.

"జీపుల వద్దు," అన్నాను. "పెద్ద రోడ్డు. అందరు జోరుగ పోతరు."

"నేను నడుపుత గద."

"ఎవ్వరు నడిపినా గంతే."

"వత్సలా, అమ్మోరి దగ్గరికి పోయేటప్పుడు గిట్ల అపశకునం మాటలు మాట్లాడకు," అంది అత్తమ్మ. అప్పటికే ఆమె పీట మీద కాలు పెట్టి ఎక్కేసింది. శ్రేయ ఆమె పక్కన కూర్చుంది. బిడ్డ ఆ బండిలో ఉండగా నేను ఇంట్లో ఉండలేను. ముందు సీట్లో కూర్చున్నాను.

ఊరు దాటగానే భావు కార్లు దూసుకుపోయాయి. కైలాశ్ వెనకబడటానికి ఇష్టపడలేదు. సీటు కింద హోరు మొదలైంది. ఆయన ఒకసారి కిందికి చూసి, భక్తి పాటల సౌండు పెంచాడు. హోరు ఇంకా పెరిగింది. ఆయన సౌండు ఇంకా పెంచాడు. నేను రోడ్డును చూస్తూ కూర్చున్నాను.

ఒక వంతెన మొదట్లో రోడ్డుకూ వంతెనకూ మధ్య చిన్న మెట్టు ఉంది. ముందు చక్రాలు దాని మీద పడ్డాయి. స్టీరింగ్‌కు ఆయన చేతుల్లో పూనకం వచ్చింది.

"ఏయ్... ఏయ్... ఏంది గిది!" ఆయన రెండు చేతులతో దాన్ని అణచాలని చూశాడు. జీపు మొత్తం దడదడలాడుతూ రోడ్డు మధ్యకు జరిగింది. ఎదురుగా చెరకు ట్రాక్టర్. వెనక శ్రేయ అరిచింది. ఆయన కాలు బ్రేకు మీదికి వెళ్లడం నాకు కనబడింది.

"బ్రేకు కొట్టకుండ్రి," అన్నాను. నా గొంతు నాకే ఆశ్చర్యమయ్యేంత మామూలుగా ఉంది. "యాక్సిలరేటర్ ఇడువుండ్రి. బిగబట్టకుండ్రి, ఊకె పట్టుకోండ్రి. నెమ్మదైతది. ఆగుండ్రి. ఇగో, నెమ్మదైతున్నది. ఇప్పుడు ఎడమకు."

ట్రాక్టర్ హారన్ కొడుతూ దాటిపోయింది. వంతెన అవతల ఊపు ఆగింది. జీపు రోడ్డు పక్క గడ్డిలోకి దిగి నిలబడింది. పాటలు మాత్రం ఇంకా గట్టిగా మోగుతున్నాయి. నేను చెయ్యి చాచి ఆపేశాను.

అత్తమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, "నా కొడుకు చెయ్యి గట్టిది కాబట్టి బతికినం. ఇంకొకలైతే వాగులనే పడుదుము," అంది.

కైలాశ్ కాదనలేదు. నేను ఆయన ముఖం వైపు చూస్తూ ఆగాను. ఆయన అద్దంలో వెనక్కి చూసుకున్నాడు, దిగాడు, టైరును కాలితో తన్నాడు, ఫోను తీశాడు.

"విలాస్, గాడీమే కుచ్ గడ్‌బడ్ హై," అన్నాడు, బండిలో ఏదో తేడా ఉందని.

అంతే. ఒక్క వాక్యం. నేను వారాల తరబడి పరీక్షలు చేసి, మట్టిలో పడుకుని, వరసగా పేర్చి చెప్పినా దొరకని నమ్మకం ఆయనకు ఒక్క వాక్యంతో దొరికింది. విలాస్ టెంపో వేసుకుని తానే వచ్చాడు. ఎక్కడ, ఎంత స్పీడులో, ఏ చక్రం అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా చేతుల్లో అదిరినప్పుడు నా చేతులది తప్పు. ఆయన చేతుల్లో అదిరితే తప్పు బండిది, ఆపిన గొప్ప చేతులది.

మాహూర్ వెళ్లకుండానే తిరిగొచ్చాం. జీపు మూడు నాలుగు రోజులు గ్యారేజీలో ఉండి వచ్చింది. ముందు ఇరుసుకు కొత్త నల్లటి గొట్టం ఒకటి తగిలించి ఉంది. నేను వాకిట్లో వంగి చూశాను. కడ్డీ ఏటవాలు అలాగే ఉంది. ఇరుసు మెడ అలాగే వంగి ఉంది. చక్రం ఊగితే ఆ ఊపు చేతికి తెలియకుండా పట్టి ఉంచడానికే ఆ గొట్టం. నొప్పి తెలియకుండా మత్తు ఇచ్చి, విరిగిన కాలితో నడిపించడం లాంటిదది. నేను ఫోను తీసుకుని మేడ మీదికి వెళ్లాను. నిజామాబాద్‌లో ఇలాంటి పాత జీపులనే బాగుచేసే ఒకాయనతో చాలాసేపు మాట్లాడాను. ఆయన మధ్యమధ్య ప్రశ్నలు అడిగాడు. నేను జవాబులు చెప్పాను. రెండో ప్రశ్నకు నాకు ఏడుపు వచ్చినంత పనైంది, ఎందుకంటే ఆయన అడుగుతున్నది నన్ను.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. జొన్నరొట్టె, వంకాయ కూర, పప్పు. కైలాశ్ రెండో రొట్టె విరుస్తూ అన్నాడు.

"అమ్మా, వచ్చే ఆదివారం మాహూర్ పోదం. సగంల ఆగిన దర్శనం ఊకె ఉంచొద్దు. విలాస్ గాడీని ఫస్ట్ క్లాస్ చేసిండు. పొద్దున నడిపి చూసిన, ఏం లేదు."

"ఎక్కడ నడిపిండ్రు?" అని అడిగాను.

"శివాజీనగర్ దాక."

వాళ్లందరూ తిన్నాక తినడం నాకు అలవాటు. ఆ రోజు కంచం తెచ్చుకుని, రొట్టె వేసుకుని, శ్రేయ పక్కన కూర్చున్నాను. ఒక ముద్ద తిన్నాను. తర్వాత చెప్పాను.

"ఆదివారం నేను, శ్రేయ మాహూర్ పోతం. ఎస్టీ బస్సుల. ఆ జీపుల ఈ ఇంట్లకెల్లి ఇంక ఎవ్వరు కూసోరు. సోమవారం అది నిజామాబాద్ పోతది. నడుపుకుంట కాదు, లారీ మీద. పాత పలకలు, పాత టైర్లు, పాత ఎత్తు. అక్కడ చేసేటాయనతోని మాట్లాడిన. తిరిగొచ్చినంక ఉమ్రి రోడ్డు మీద నేను నడుపుత, మీరు పక్కన కూసోండ్రి. అదిరితె మళ్ల పంపిస్త."

కైలాశ్ చేతిలో రొట్టె ముక్క అలాగే ఉంది. "ఎవరినడిగి మాట్లాడినవు?"

"ఎత్తించినప్పుడు మీరు ఎవరినడిగిండ్రు?"

"భావు ఏమంటడు? రేపు సత్కారం ర్యాలీ ఉన్నది..."

"భావుకు ఇంక ఐదేండ్ల దాక దండ అందకున్నా నడుస్తది."

శ్రేయకు నవ్వు వచ్చి నీళ్లు మింగుడుపడక దగ్గింది. కైలాశ్ నవ్వలేదు. "చిన్నదానికి ఇంత చేస్తున్నవు," అన్నాడు. "ఆ రోజు ఆగింది గద. ఎవ్వరికేం కాలేదు గద."

"ఆ రోజు ఎట్ల ఆగిందో మీకు ఎరుకనే."

ఆయన నా వైపు చూశాడు. తర్వాత సాయం కోసం తల్లి వైపు చూశాడు. "అమ్మా, నువ్వన్న చెప్పు."

అత్తమ్మ కంచంలో వంకాయ తొడిమను పక్కకు తీసి పెట్టింది. పప్పులో రొట్టె ముక్క అద్దుకుని, నిదానంగా నమిలి, మింగింది.

"నాకు ఘాట్ మలుపులల్ల కడుపుల తిప్పుతది వత్సలా," అంది. "కిటికీ పక్క సీటు దొరకాలంటే బస్టాండ్‌కు ఎన్నింటికి పోవాలె?"